వేములఘాట్ పళ్లేలు

యాదలక్ష్మికి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే ఊరు. పుట్టిందీ సిద్దిపేటలోనే, మెట్టిందీ సిద్దిపేటలోనే. మొగుడి మీద అలిగి బయల్దేరితే, ఆటోలో కూర్చుని కోపాన్ని సర్దుకునేలోపే అమ్మగారి వాకిలి వచ్చేసేది. ఊరి మీద బెంగ అంటే ఏమిటో తెలియని మనిషి కాబట్టి, ఊరి మీద మోజు మాత్రం ఆమెకు దండిగా ఉండేది. ఇంటికి చుట్టం వస్తే చాయ తాగనిచ్చి వెంటనే చెప్పులు వేసుకోమనేది. కోమటిచెరువు కట్ట, ఆ చెరువు మీద వేలాడే వంతెన, కొత్తగా వచ్చిన రైల్వేస్టేషను చూపించాకే అన్నం పెట్టేది. "రంగనాయకసాగర్‌కు పొద్దు వాలినంక పోదాం, ఇప్పుడు ఎండ" అని ముందే షరతు పెట్టేది. ఆటో నడిపే ఆమె భర్త ఓంప్రకాశ్, "మా ఇంటికొచ్చిన చుట్టాలు ఊకె పోరు, ఊరంత జూపిచ్చి పంపుతది మా ఆమె" అని స్టాండులో అందరికీ చెప్పి నవ్వేవాడు.

కట్టలూ వంతెనలూ అందరివీ. వార్డు స్టీల్ బ్యాంకు మాత్రం యాదలక్ష్మి సొంతమన్నట్టే ఉండేది. కమ్యూనిటీ హాలు పక్క గదిలో ఇనుప ర్యాకుల నిండా స్టీలు పళ్లేలు, గిలాసలు, వంట గంజులు, బకెట్లు ఉంటాయి. వార్డులో ఎవరింట్లో పండుగైనా తీసుకుపోయి, తోమి తెచ్చివ్వాలి. వాడి పారేసే పళ్లేలు మోరీల్లో పడొద్దని మహిళా సంఘం పెట్టుకున్న ఏర్పాటు అది. గది తాళంచెవి యాదలక్ష్మి నడుముకు ఉంటుంది. ఆ తాళంచెవి చప్పుడు వింటూ నడవడం ఆమెకు ఇష్టం.

ఆ ఆదివారం గజ్వేల్ నుంచి మహిళా సంఘం వాళ్లు ఈ స్టీల్ బ్యాంకు చూడటానికి వస్తున్నారు. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది అమృతమ్మ. ఓంప్రకాశ్‌కు అక్క, గజ్వేల్ కోడలు. వదినా మరదళ్లకు ఫోన్లో మాటలంటే రెండు ఊళ్లు ఎదురుబొదురు నిలబడ్డట్టే.

"మాకు రింగురోడ్డున్నది, పెద్ద మార్కెట్టున్నది, పిల్లల సదువులకు హాస్టళ్లున్నయి. గీ పళ్లేల బ్యాంకొక్కటే తక్కువ. గది గూడ చూసిపోతె అయిపాయె" అంది అమృతమ్మ.

"రా వదినె, రా. రింగురోడ్డు మీదనే తిరుక్కుంట ఉండకు, సీదా రా" అంది యాదలక్ష్మి.

శుక్రవారం పొద్దున్నే పక్కింటి భవానిని సాయం పిలిచి పని మొదలుపెట్టింది. పళ్లేలను చింతపండుతో తోమి, పొడిబట్టతో తుడిచి, ర్యాకులో ఒకదాని మీద ఒకటి పేర్చారు. యాదలక్ష్మి వెనక్కి జరిగి గుమ్మంలోంచి చూసుకుంది. గది అంతా తళతళలాడుతోంది. వదిన గుమ్మంలో అడుగుపెట్టి నోరు తెరిచే క్షణం ఆమె కళ్ల ముందు ఆడింది.

అప్పుడొచ్చింది లింగవ్వ. వెనక గల్లీలో రెండేళ్లుగా కిరాయికి ఉంటున్న ముసలామె. చెప్పులు బయట విడిచి, మట్టి కాళ్లతో లోపలికి రావడానికి మొహమాటపడి గడప దగ్గరే ఆగింది.

"అమ్మా, ఆదివారం నా మనుమన్ని తొట్టెల ఏస్తున్నం. పళ్లేలు, గిలాసలు గావాలె."

ఆదివారం! యాదలక్ష్మి ర్యాకుల వైపు చూసింది. వదిన వచ్చేసరికి ర్యాకులు బోసిగా నిలబడి ఉండటం ఊహించుకుంది. ఇవ్వనని చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. వెతుక్కుంటే దొరికింది.

"మీది ఏ ఊరు అవ్వా?"

"వేములఘాట్" అంది లింగవ్వ వెంటనే. ఆ పేరు చెప్పేటప్పుడు ఆమె ముఖం కాస్త వెలిగింది కూడా.

"గట్లయితే ఎట్ల? గివి వార్డోళ్లయి. బయటి ఊరోళ్లకు ఇయ్యరాదు."

లింగవ్వకు మొదట అర్థం కాలేదు. "గీ గల్లీలనే ఉంటున్నం గదమ్మా..."

"ఉంటున్నరు గాని, ఊరు అదే గద. నువ్వే చెప్తివి."

వాదిస్తుందేమోనని యాదలక్ష్మి కొంగు సర్దుకుంది. కానీ లింగవ్వ తల ఊపి, "ఔ, నియమమన్నంక ఉంటది" అంది. వెళ్లబోతూ, గుమ్మం పక్కనున్న దొంతరలో ఒక పళ్లెం కొంచెం పక్కకు జరిగి ఉంటే, చేయి చాపి దాన్ని సరిగ్గా కూర్చోబెట్టి మరీ వెళ్లింది.

"పాపం, అక్కా. మన గల్లీలోళ్లే గద" అంది భవాని తుడుస్తున్న పళ్లెం ఆపి.

"నియమం నియమమే" అంది యాదలక్ష్మి. ఆ మాట గట్టిగానే అంది గాని, మళ్లీ భవాని ముఖం చూడలేదు.

ఆ సాయంత్రం గజ్వేల్ వాళ్లను ఎక్కడెక్కడ తిప్పాలో చూసుకుందామని కోమటిచెరువు కట్ట మీదికి వెళ్లింది. అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. వేలాడే వంతెన ఊగినప్పుడల్లా ఆడపిల్లలు కేకలు వేసి, తాడు పట్టుకుని, మళ్లీ వాళ్లే దాన్ని ఊపుతున్నారు. నీళ్ల మీద పడవలు తిరుగుతున్నాయి. కట్ట కింద ఆపిన కార్లలో హైదరాబాద్ నంబర్లున్నాయి, కరీంనగర్ నంబర్లున్నాయి. తన చిన్నప్పుడు ఇటు వైపు వస్తే తుమ్మకంపలే కనిపించేవి. పట్నం అంటే హైదరాబాదే. పెళ్లి చీరకైనా, పెద్ద దవాఖానకైనా బస్సెక్కి అక్కడికి పోవలసిందే. ఇప్పుడు ఆ పట్నం వాళ్లే పులిహోర డబ్బాలు కట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికి వస్తున్నారు. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా యాదలక్ష్మికి ఒళ్లు పొంగుతుంది. పొంగిపోవలసిన విషయమే మరి.

కట్ట పొడవునా కాగితపు పూల చెట్లకు ఎవరో పైపుతో నీళ్లు పడుతున్నారు. ఒక పిల్లవాడు పరుగెత్తుకొస్తే ఆ మనిషి పైపు లాగడం ఆపి, వాడు దాటేదాకా కాలితో దాన్ని నేలకు అదిమిపట్టి నిలుచుంది. దగ్గరికి వెళ్లి చూస్తే లింగవ్వ. తాను వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయే ఈ పూలకు నీళ్లెవరు పోస్తారని యాదలక్ష్మి ఏనాడూ అనుకోలేదు.

"గీడ పనిజేస్తున్నవా అవ్వా?"

"ఔనమ్మా. మా పెద్దోడు గజ్వేల్ కాడ కాలనీల ఉంటడు, ముంపుల ఊరు పోయినోళ్లకు సర్కారు ఇచ్చిన ఇండ్లల్ల. చిన్నోడు చిరంజీవికి గీడ బండ్ల షోరూంల పని దొరికితె వానెంబడి నేనొచ్చిన."

"ఎట్లున్నది మా సిద్దిపేట?" కొత్తవాళ్లను అడిగే మాట అలవాటుగా నోట్లోంచి జారిపోయింది.

లింగవ్వ పైపును చెట్టు మొదట్లో పెట్టి నడుము పట్టుకుంది. "మంచిగున్నదమ్మా, అబద్ధమెందుకు. గింత ముద్దుగ దిద్దుకున్న ఊరు నేను జూడలే. మా కోడలి కాన్పు గీడి సర్కారు దవాఖానల్నే అయింది, కన్నబిడ్డ లెక్క చూసుకున్నరు. మా ఊరు ప్రాజెక్టు నీళ్లల్ల పోయినంక చెరువు కనబడితె మొఖం తిప్పుకునేదాన్ని. గీడ పనిల చేరినంక మల్ల నీళ్ల దిక్కు చూడబుద్ధి అయితున్నది. దీపాలు పెట్టినంక జరసేపు నిలబడి చూసే ఇంటికి పోత."

యాదలక్ష్మి కూడా నీళ్ల వైపు తిరిగి చూసింది.

"పొద్దుగాల నువ్వడిగితె నోటికొచ్చింది చెప్పిన" అని లింగవ్వ నవ్వింది. "ఏ ఊరంటె నాకు ఇంకోటి నోట్లెకు రాదమ్మా. రేపు మల్ల అడిగినా గదే వస్తది."

యాదలక్ష్మికి సిగ్గనిపించింది. వచ్చి తీసుకుపో అవ్వా అనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ బోసి ర్యాకులు, వాటి ముందు నిలబడి మూతి విరిచే వదిన గుర్తొచ్చి, ఆ మాట అక్కడే ఆగిపోయింది. "వస్త అవ్వా" అని మాత్రం అని వచ్చేసింది.

శనివారం సాయంత్రం భవాని వచ్చి చెప్పింది, చిరంజీవి ప్లాస్టిక్ పళ్లేల కట్ట కొనుక్కొచ్చాడని. యాదలక్ష్మికి సిగ్గు పోయి కోపం వచ్చింది. రేపు గజ్వేల్ వాళ్లు వచ్చే గల్లీలోనే ప్లాస్టిక్ పళ్లేలా! కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి వెనక గల్లీకి నడిచింది.

వాళ్లది ఒక్క గది, దాని ముందు చిన్న వరండా. కోడలు స్నేహ మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. చిరంజీవి వరండాలో పందిరికి గుంజ కట్టుకుంటున్నాడు.

"ప్లాస్టిక్ పళ్లేలు తెచ్చినవట? ఊరంత వద్దనుకున్నది నీకు తెల్వదా?"

"ఏం జెయ్యమంటవక్కా?" చిరంజీవి గుంజ వదల్లేదు. "మీరు ఇయ్యకపోతిరి. టెంట్‌హౌసుల అడిగితె పెండ్లిళ్ల దినాలు, ఒక్క పళ్లెం లేదన్నరు. మా ఇంట్ల ఉన్నయాయె, మా అవ్వ ముట్టనియ్యది."

"ఇంట్ల ఉన్నయా?"

అతను మంచం కిందికి చూపించాడు. రెండు పెద్ద గోనెసంచులు, మూతులు తాడుతో బిగించి కట్టి ఉన్నాయి. పొయ్యి దగ్గర పప్పు చెరుగుతున్న లింగవ్వ చాట కింద పెట్టి వచ్చింది.

"అవి మా ఊరియి, బిడ్డా. ఊరంత చందాలేసుకొని కొన్నయి. ముందుగాల మా అత్త కాపలుండె, అత్త పోయినంక నేను. ఎవ్వలింట్ల పెండ్లయినా, దినాలయినా గివే పోయేటివి. ఊరు లేసి వచ్చేనాడు పంచుకుందామన్నరు కొందరు. పంచుకుంటె ఇంటికి రెండొస్తయి, రెండిటితోటి ఏం పండుగ జేస్తరు? ఆఖరికి నీ దగ్గర్నే ఉంచు లింగవ్వా అన్నరు."

యాదలక్ష్మి నడుముకున్న తాళంచెవి మీద చేయి వేసింది. తమ వార్డు కనిపెట్టిందనుకున్న గొప్ప ఏర్పాటు, ఈ ముసలామె అత్తగారి కాలం నుంచి నడిపిందన్నమాట.

"మరి నీ దగ్గర్నే ఉంటె నా దగ్గరికెందుకొస్తివి అవ్వా?"

"కాపలున్నోళ్లు తమ చేత్తోని తాము తీసుకోరాదు. మా కట్టుబాటు అది. నా ఇంట్ల పండుగైతె ఊరోళ్లు ఎవ్వలన్న వచ్చి, మూట విప్పి, లెక్కజూసి నా చేతుల పెట్టాలె. ఇంటోళ్ల చెయ్యి పనికిరాదు. మా పెద్దోని పెండ్లికి పక్కింటి మల్లవ్వ తీసిచ్చింది. గీడ మా ఊరోళ్లు ఎవ్వలున్నరు? గజ్వేల్ నుంచి వచ్చేటోళ్లు రేపు తిండి యాలకు వస్తరు. అప్పటిదాక వంట ఆగుతదా?"

యాదలక్ష్మికి తన కూతురి పుట్టినరోజు గుర్తొచ్చింది. ఆ రోజు బ్యాంకు గది తీసి, అన్నింట్లోకీ మంచి గంజులు తానే ఏరుకుని తెచ్చుకుంది. ఎవర్నీ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. తాళంచెవి తన దగ్గరే ఉంది కదా అనుకుంది.

"నేను తీసిస్త, అవ్వా" అంది.

లింగవ్వ ఆమె వైపు ప్రేమగానే చూసింది. "నువ్వు మా ఊరిదానివి గావు గద, బిడ్డా."

ఎత్తిపొడుపు లేదు, పగ లేదు, ఉన్నమాట అన్నట్టే అంది. కానీ ఆ మాట యాదలక్ష్మికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. కూర్చున్న చోటి నుంచి సంచి చిరుగులో ఒక పళ్లెం అంచు కనబడింది. దాని మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టి ఉన్నాయి. వంగి చూసింది. వే, ము, ల. తర్వాతి అక్షరం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"అవ్వా... గీ అక్షరం నాకు ఎరుకే."

"ఏ అక్షరం?"

"గీ ఘ. బడిల అప్పుడే అక్షరాలు నేర్సుకుంటున్న. గోడ మీదున్నా, డబ్బా మీదున్నా అన్ని సదివేదాన్ని. మా అమ్మ ఎవ్వలిదో పెండ్లికని ఓ ఊరికి తీస్కపోయింది. బంతిల కూసుంటె పళ్లెం మీద గీ పేరున్నది. గీ అక్షరం రాక వేములపాట్ అని గట్టిగ సదివిన. బంతంత నవ్విన్రు. అన్నం వడ్డించేటామె మా ఊరి పేరే మారుస్తవానే పిల్లా అన్నది. నేను ఏడ్సిన."

లింగవ్వ కూడా ఆమె పక్కన కూలబడింది. "ఎవ్వలింట్ల పెండ్లి?"

"తెల్వదవ్వా. వాకిట్ల నీళ్ల గోలెం ఉండె. అండ్ల చెయ్యి పెట్టినందుకు ఓ ముసలాయన కట్టె పట్టుకొని ఎంటబడ్డడు."

"సాయిలు తాత!" లింగవ్వ చేతులు చరిచింది. "ఆ గోలెం కాడికి కోడిని గూడ రానియ్యకపోతుండె. ఆయన మనుమరాలి పెండ్లి అది. మా అత్తనే పళ్లేలిచ్చింది. వడ్డించినోళ్లల్ల నేను గూడ ఉన్న." ఒక్క క్షణం ఆగి, ముఖంలోకి చూసింది. "అయితె మా పళ్లెంల అన్నం తిన్నవా?"

"తిన్న. ఏడ్సుకుంటనే రెండోపారి గూడ పెట్టించుకున్న."

లింగవ్వ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. స్నేహ బిడ్డను భుజాన వేసుకుని మంచం చివరికి జరిగి చూస్తోంది.

"మా పళ్లెంల తిన్నదానివి, ఇగ ఏం జూస్తున్నవ్? చేతులు కడుక్కొనొచ్చి తియ్యి, బిడ్డా" అంది లింగవ్వ.

యాదలక్ష్మి చేతులు కడుక్కుంది. సంచులు బయటికి లాగి, బిగిసిన ముడిని గోళ్లతో వదులు చేసి విప్పింది. పళ్లేల మధ్య పాత చీర ముక్కలు పెట్టి ఉన్నాయి, ఒకదానికొకటి రాసుకోకుండా. మొదటి పళ్లెం తీసి "ఒకటి" అంది.

"ఒకటనొద్దు. లాభం అను. గట్లనే మొదలువెట్టాలె."

"లాభం" అంది యాదలక్ష్మి, పళ్లేన్ని రెండు చేతులా లింగవ్వ చేతుల్లో పెడుతూ. లింగవ్వ దాన్ని కళ్లకద్దుకుని పక్కన పెట్టింది. చివరి పళ్లెం దాకా అలాగే ఇచ్చింది ఒకరు, అలాగే తీసుకుంది ఒకరు. బయట చిరంజీవి ప్లాస్టిక్ కట్టను దుకాణంలో తిరిగి ఇచ్చేందుకు బండి తీశాడు.

పళ్లేలు సరిపోయాయి గాని గిలాసలు తక్కువపడ్డాయి, పెద్ద గంజులు లేవు. యాదలక్ష్మి భవానిని పిలుచుకుని బ్యాంకుకు వెళ్లింది. తాళం తీసి, లోపలికి పోకుండా గడప బయటే నిలబడి తాళంచెవి భవాని చేతిలో పెట్టింది. "నువ్వు తీసియ్యి. ఇగ నుంచి నాకు గావాలన్నా నువ్వే తీసియ్యాలె." భవాని వింతగా చూసింది గాని, అడగలేదు. గంజులూ గిలాసలూ అన్నీ ఓంప్రకాశ్ ఆటోలోనే పోయాయి. "బ్యాంకు ఖాళీ అయిపాయె. రేపు మా అక్కకు ఏం జూపిస్తవే?" అని అతను నవ్వాడు. "పళ్లేలున్నయి గద ఇంక" అంది యాదలక్ష్మి, తన గొంతులో బాధ లేకపోవడం తనకే ఆశ్చర్యంగా ఉండగా.

ఆదివారం పొద్దెక్కాక గజ్వేల్ నుంచి వ్యాను వచ్చింది. అమృతమ్మ దిగి, మరదలి చేయి పట్టుకుని, "వచ్చే తొవ్వల రైలు గూడ చూసినమే. బాగనే ముందుకువడ్డరు మీరు" అంది. అంత మాట వదిన నోట రావడం అదే మొదలు. అయినా యాదలక్ష్మి ఉబ్బిపోయే తీరిక లేక, వాళ్లను సీదా బ్యాంకు గదికి తీసుకుపోయింది. పళ్లేల దొంతరలున్న ర్యాకు ఒక్కటే నిండుగా ఉంది. మిగతావి సగానికి సగం బోసిగా ఉన్నాయి.

"ఏందే, గింత దూరం వస్తె గిన్నెలే లేవాయె!"

"వాడుకల ఉన్నయి, వదినె. ఉన్నకాడికే పోదాం రా."

వెనక గల్లీలో పందిరి కింద బంతులు కూర్చున్నాయి. కొత్త చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతున్నాడు. వేములఘాట్ వాళ్లు అప్పుడే కాలనీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, బంతిలో కూర్చుంటున్నారు. ముందు పెట్టిన పళ్లేన్ని చూసి ఒక ముసలాయన బొటనవేలితో అంచు మీది అక్షరాలను మెల్లగా తడిమాడు. పక్కనున్న ఆమెకు చూపించాడు. ఆమె తన పళ్లెం తిప్పి చూసుకుంది. ఆ వరుసలో ఒక్కొక్కరే తమ పళ్లేల అంచులు తడుముకున్నారు. తర్వాత ఒకరు "లింగవ్వా, పప్పుల చింతపులుసు జాస్తి ఏసినవా, ఎప్పటి లెక్కనేనా?" అని అరిచేసరికి అందరూ ఒక్కసారే నవ్వారు. అప్పటిదాకా గరిటె పట్టుకుని చూస్తున్న యాదలక్ష్మి తాను కూడా కొంగు నడుముకు దోపి వడ్డనలోకి దిగింది.

అమృతమ్మనూ ఆమె వెంట వచ్చినవాళ్లనూ లింగవ్వ బలవంతాన బంతిలో కూర్చోబెట్టింది. అమృతమ్మ పళ్లెం ఎత్తి అంచు చదివింది.

"వేములఘాట్... ఆ ముంపు ఊరా? వాళ్లు మా దగ్గర కాలనీల ఉంటరు గద. గిది మీ బ్యాంకు పళ్లెం కాదేందే?" అని, అన్నం పెడుతున్న లింగవ్వను అడిగింది. "గీ పళ్లేలు ఎవ్వలిచ్చిన్రమ్మా నీకు?"

"మా ఊరామె ఇచ్చింది" అంది లింగవ్వ, గరిటెతో యాదలక్ష్మిని చూపించి, తర్వాతి పళ్లెం వైపు జరిగిపోయింది.

అమృతమ్మకు పొలమారినంత పనయింది. "నువ్వా? నువ్వు ఎన్నటి సంది వేములఘాట్‌దానివే? పొద్దున లేస్తె మా సిద్దిపేట, మా సిద్దిపేట అని మా చెవులు తూట్లు పొడుస్తివి గద!"

బంతిలో అందరూ యాదలక్ష్మి వైపు చూశారు. ఆమె పప్పు గంజు చంకలో సర్దుకుని, వదిన పళ్లెం ముందు వంగింది.

"ముందుగాల తిను, వదినె. తిన్నంక నీది గూడ గదే ఊరు."